మేనేజరమ్మ పెదాల రంగు

ఆ వీధిలో ఆయన అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. ఫోటో స్టూడియో ఆయన. కెమెరా కంటికి ఆనించుకుని "నవ్వండి" అంటాడు కాబట్టి నవ్వండిగారు. ఎదురుగా చెప్పులు కుట్టే షాపతను సరదాకి పెట్టిన పేరు అది. తరవాత సరదా పోయి పేరు మిగిలింది. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చే మనిషి కూడా గుమ్మంలో నిలబడి, ముఖం ముడుచుకుని, "నవ్వండిగారున్నారా?" అని అడిగేవాడు.

పాస్‌పోర్టు ఫోటోలో నవ్వకూడదన్న రూలు ఆయనకి తెలియక కాదు. అయినా ముందు నవ్వించేవాడు. ఆ నవ్వు ముఖం మీంచి దిగిపోతూ, ఇంకా పూర్తిగా వెళ్ళకుండా కళ్ళ దగ్గర తచ్చాడుతున్నప్పుడు నొక్కేవాడు. "మనిషి బాగుండేది అప్పుడేనండీ" అని ఆయన సిద్ధాంతం. ఎవరూ కాదనలేదు. ఫోటో బాగా వస్తే సిద్ధాంతంతో ఎవరికి పేచీ?

స్టూడియో అంటే రెండు గదులు. వెనకగదిలో స్టూలు, గొడుగు దీపాలు, పైనుంచి లాగితే దిగే తెరలు. గోడమేకుకి ఒక నల్లకోటు, ఎప్పుడూ ముడి వేసే ఉండే టై. లావుపాటివాళ్ళకీ సన్నపాటివాళ్ళకీ అదే కోటు. వీపు పొడుగునా చీల్చి ఉంటుంది. సన్నటివాళ్ళకైతే వెనకనుంచి బిగలాగి బట్టల క్లిప్పులు పెట్టేవాడు. ముందునుంచి చూస్తే పెద్ద ఆఫీసరు, వెనకనుంచి చూస్తే దండెం మీద ఆరేసిన గుడ్డ. ఒకసారి ఒకాయన ఇంటర్వ్యూకి వేళైపోతోందన్న కంగారులో కోటు విప్పడం మర్చిపోయి అలాగే వీధిలోకి పరిగెత్తాడు. వీపు మీద రంగురంగుల క్లిప్పులు వరసగా మెరుస్తున్నాయి. వెనకాల నవ్వండిగారు "అయ్యా, కోటూ! అయ్యా, నా కోటూ!" అని అరుస్తూ పరుగు. బస్టాపులో జనం దొంగని పట్టుకున్నట్టే పట్టుకున్నారు పాపం ఆ ఇంటర్వ్యూ ఆయన్ని.

ఫోటో తీయడం సగం పని. మిగతా సగం కంప్యూటరు ముందు. ఆ పనికి ఆయన పెట్టుకున్న పేరు మరమ్మతు. మొటిమలు తీసెయ్యడం, వంకర కాలరు సరిచెయ్యడం, మూతపడ్డ కన్నుని మరో ఫోటోలోంచి తెచ్చి అతికించడం, నడినెత్తిన కాస్త జుట్టు మొలిపించడం. చెయ్యి మంచిది. ఒక్కోసారి మరీ మంచిదైపోయేది. ఒక గుమాస్తాని ఏదో ఆఫీసువాళ్ళు ఫోటో చూసి, ఆయన్ని చూసి, "ఈ ఫోటోలో ఉన్నాయన్ని రమ్మనండి" అని వెనక్కి పంపేశారు.

మరోసారి రిటైరైన టీచరమ్మకి పొరపాటున మరమ్మతు చెయ్యని ప్రింటు వెళ్ళిపోయింది. ఆవిడ కవరు తెరిచి, "ఎవరండీ ఈ ముసలావిడ?" అంది. మీరేనమ్మా అని చెప్పే ధైర్యం ఆయనకెక్కడిది? వేరేవాళ్ళది కలిసిపోయిందని సర్దేసి, అప్పటికప్పుడు నున్నగా చేసి ఇచ్చాడు. ఆ గండం గడిచాక ఒక పద్ధతి పెట్టుకున్నాడు. మరమ్మతైన ఫోటోనే దాచాలి. కెమెరాలోంచి వచ్చినదాన్ని అక్కడికక్కడే చెరిపెయ్యాలి. రెండూ ఉంటేనే కదా తారుమారయ్యేది.

ముందుగది భార్యది. ఆవిడ ఫోటోలకి ఫ్రేములు కట్టేది. బల్ల మీద అద్దం పరిచి, స్కేలు ఆనించి, వజ్రపుమొన కలంతో ఒక్క గీత గీసి, అంచు మీద తట్టేది. అద్దం చెప్పినమాట విన్నట్టు విడిపోయేది. మాటలు తక్కువ మనిషి. ఆ తక్కువ మాటలూ కొలతల్లోనే ఉండేవి. "వేలెడు ఎక్కువైంది", "అంచు చాలదు", ఇలాంటివి. రంగు విషయం వస్తే మాత్రం భర్త మాటే. తలుపుకి ఏ రంగు వెయ్యాలి, తనకి ఏ చీర నప్పుతుంది, అరటిపండు మగ్గిందా లేదా, అన్నీ ఆయన్నే అడిగేది. "ఆయన రంగులతో బతికే మనిషి, ఆయనకి తెలియదా" అనేది తల్లితో. ఆ తల్లి కూడా వాళ్ళ దగ్గరే ఉండేది. కంటికి శుక్లాలు మొదలైన అత్తగారు, నోటికి ఏమీ మొదలుకాని అల్లుడు. ఇద్దరికీ రోజూ సరిపోయేది.

పెళ్ళయిన చాలా ఏళ్ళకి, ఇక లేదనుకుని సర్దుకున్నాక, ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల పుట్టింది. వీధి ఆ పిల్ల పేరు కూడా మింగేసింది. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ వెనకగదిలో దీపాల మధ్యే మకాం. ఎవరు స్టూలు మీద కూర్చున్నా ఎదురుగా నిలబడి హుకుం జారీ చేసేది.

"గడ్డం దించు!"

"దించండి అనాలమ్మా" అనేవాడు తండ్రి కెమెరా వెనకనుంచి.

"గడ్డం దించండి అనాలమ్మా!" అనేది పిల్ల, కూర్చున్నవాళ్ళతో, ఇంకా గట్టిగా.

అలా మేనేజరమ్మ అయింది. మేనేజరమ్మ ఒప్పుకుంటేనే ఫోటో అయినట్టని జనం కూడా ఆటలో చేరిపోయారు. సన్నగా, రెక్కలకి బలం రాని పిట్టలా ఉండేది. తిండి దగ్గర బద్ధకం. నాలుగు ముద్దలకే చెమట పట్టి, ఊపిరి బరువై, చాలనేది. టీకాలు వేసే నర్సమ్మ బాగా తినిపించమంది. తినిపించారు. పిల్ల మాత్రం అలాగే ఉండేది.

పిల్లకి ఏడాది నిండబోతుండగా మొదటిసారి అత్తగారు అంది.

"అల్లుడుగారూ, పిల్ల పెదాలు చూశారా? సిరాబుడ్డి ఎత్తి తాగినట్టున్నాయి."

"అత్తయ్యగారూ, ముందు ఆ కళ్ళజోడు తుడుచుకోండి. నిన్న పిల్లిని చూసి పాలవాడొచ్చాడన్నారు."

"పిల్లి సంగతి వేరు. పాలకోసం వచ్చింది కదా, నేనన్నదాంట్లో తప్పేముంది?"

భార్య నవ్వి ఊరుకుంది. కానీ రాత్రి కూతురికి గౌను మారుస్తూ తనూ అడిగింది. "ఏమండీ, నాకూ అలాగే అనిపిస్తోంది. ఏడ్చినప్పుడు మరీను."

"ట్యూబ్‌లైటు" అన్నాడాయన. "ట్యూబ్‌లైటు వెలుగులో ఎవరైనా నీలంగానే ఉంటారు. నీ పెదాలూ అలాగే ఉన్నాయి, అద్దంలో చూసుకో."

ఆవిడ అద్దంలో చూసుకుంది. నిజమేననిపించింది. రంగుల మనిషి చెప్పాక అనిపించకేం చేస్తుంది!

ఆయన అబద్ధం చెప్పలేదు. అదే ఈ కథలో కష్టం. కూతురి ఫోటోలు వందలకొద్దీ తీశాడు. ప్రతి ఫోటోలోనూ పెదాల దగ్గర, గోళ్ళ దగ్గర ఒక నీలిజీర కనపడేది. ఆయన కంటికి అది దీపం తప్పు, తెర తప్పు, కెమెరా తప్పు. కంప్యూటరులో రంగులు పెంచి తగ్గించే గీతలుంటాయి, వాటిలో ఎరుపు గీతని మౌసుతో కాస్త కుడివైపుకి జరిపితే పోయేది. మొదట్లో కొంచెం జరిపితే సరిపోయేది. రానురాను ఇంకొంచెం జరపాల్సొచ్చేది. దీపాలు పాతబడుతున్నాయనుకుని కొత్తవి కొన్నాడు. ప్రింటరు ఇంకులో నీలం ఎక్కువ కలుపుతున్నారని అమ్మినవాడితో దెబ్బలాడి రెండుసార్లు డబ్బాలు వాపసు ఇచ్చాడు. "నా ఇంకులో లోపం లేదండీ, కావాలంటే వేరే ఫోటో వేసి చూడండి" అని ఆ కుర్రాడు మొత్తుకున్నాడు. వేరే ఫోటో వేసి చూడలేదు. చూసుంటే ఏమయ్యేదో.

భార్య కొత్త ఫోను కొన్నప్పుడు పిల్లని ఫోటో తియ్యబోతే ఆయనకి తల కొట్టేసినంత పనైంది. "ఫోటోగ్రాఫరు పెళ్ళాం ఫోనుతో ఫోటోలు తీసుకుంటోందంటే వీధిలో నా పరువేం కాను? కావాలంటే చెప్పు, నేను తీస్తాను, నీట్‌గా." ఆవిడ ఫోను పక్కన పెట్టేసింది.

ఇంకో సంగతి కూడా ఉంది. పిల్ల కాస్త పరిగెత్తగానే ఠక్కున ఆగి, మోకాళ్ళు పొట్టకి ఆనించుకుని గొంతుకు కూర్చునేది. నాలుగడుగులు ఆట, ఒక కూర్చోవడం. వేరే ఇంట్లో అయితే ఎవరో ఒకరు ఇదేమిటనేవారు. ఈ ఇంట్లో ఎవరూ అనలేదు. ఎందుకంటే చిన్నపిల్లల్ని ఫోటో తీసేటప్పుడు నవ్వండిగారు అచ్చం అలాగే కూర్చునేవాడు. పిల్లల కళ్ళ ఎత్తుకి కెమెరా రావాలని ఆయన పద్ధతి. వీధి మధ్యలో పిల్ల గొంతుకు కూర్చుంటే చెప్పుల షాపతను సూది ఆపి మురిసిపోయేవాడు.

"చూశారా, మేనేజరమ్మ ఫోటో తీస్తోంది నన్ను. నవ్వనా అమ్మా?"

పిల్ల జవాబు చెప్పేది కాదు. ఊపిరి కూడదీసుకునేది.

తండ్రి గుమ్మంలోంచి చూసి గర్వంగా అనుకునేవాడు, చేతిపని రక్తంలోనే వస్తుందని.

మేనేజరమ్మకి నాలుగో ఏడు నడుస్తుండగా ఒకరోజు ఒకావిడ ఫోటో కోసం వచ్చింది. వయసు మీద పడుతున్న మనిషి, తొందరలో ఉంది. నల్లకోటు తగిలించుకుని స్టూలు మీద కూర్చోగానే మామూలుగా హుకుం జారీ అయింది.

"గడ్డం దించండి!"

"దించానండీ."

"అంత కాదు!" పిల్ల ముందుకొచ్చి, చిట్టిచేత్తో ఆవిడ గడ్డం పట్టుకుని సరిచేసింది.

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు దిగిపోయే క్షణం కోసం నవ్వండిగారు వేలు సిద్ధంగా పెట్టుకున్నాడు. నవ్వు దిగలేదు, రాలిపోయింది. ఆవిడ తన గడ్డం మీదున్న ఆ చేతిని పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ తిప్పి చూస్తోంది. వేళ్ళ చివర్లు గుండ్రంగా ఉబ్బి, గోళ్ళు బోర్లించిన చెంచాల్లా ఉండేవి ఆ పిల్లవి. ఇంట్లో వాటిని చెంచావేళ్ళని ముద్దు చేసేవాళ్ళు.

"పాపకి ఎవరైనా గుండె పరీక్ష చేశారా?" అందావిడ. "నేను పిల్లల డాక్టరుని."

"గుండేంటండీ?" అన్నాడు నవ్వండిగారు, ఇంకా కెమెరా దించకుండానే. "సన్నగా ఉంటుందంతే."

"పెదాలు నీలంగా ఉన్నాయి."

"ఆ దీపాలండీ. ఈ గదిలో అందరూ..."

"అయితే బయటికి రండి" అని ఆవిడ పిల్లని ఎత్తుకుని, కోటు వేసుకునే, వీపున క్లిప్పులతోనే, వీధిలోకి నడిచింది.

మధ్యాహ్నపు ఎండ. చెప్పుల షాపు ముందు, నేల మీద పరిచిన తోలుముక్కల పక్కన, డాక్టరమ్మ పిల్లని నిలబెట్టింది. పక్కన చెప్పుల షాపతన్ని రమ్మంది, భార్యని రమ్మంది. "ఇప్పుడు అందరి పెదాలూ చూడండి" అంది. ఇక్కడ ట్యూబ్‌లైటు లేదు, తెర లేదు, కెమెరా లేదు. నవ్వండిగారు చెప్పుల షాపతని పెదాలు చూశాడు, భార్య పెదాలు చూశాడు. తరవాత కూతుర్ని చూశాడు. ఎండలో అది ఊదారంగు. గోళ్ళు కూడా. ఆయన చెయ్యి గాలిలో దేనికోసమో వెతికింది. ఎరుపు గీత కోసమేనని ఆయనకే తరవాత తెలిసి సిగ్గుపడ్డాడు.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?" డాక్టరమ్మ అడిగింది. "ఫోటోలుంటాయిగా, పాత ఫోటోలు చూపించండి. తెలిసిపోతుంది."

లోపలికి వెళ్ళారు. కంప్యూటరులో కూతురి ఫోటోలు తెరిచాడు. ఒకదాని తరవాత ఒకటి గులాబీ పెదాల పిల్ల. బోర్లా పడ్డప్పుడు, పాకినప్పుడు, మొదటిసారి నిలబడ్డప్పుడు, పోయిన నెలలో. డాక్టరమ్మ తెర మీద పిల్లనీ, నేల మీద పిల్లనీ మార్చిమార్చి చూసింది.

"వింతగా ఉందే. పోయిన నెల దాకా బాగానే ఉంది. అంటే ఈమధ్యే వచ్చిందా? అలా అయితే ఇది వేరే ఏదో..."

నవ్వండిగారు నీళ్ళు నమిలాడు. ఊరుకుంటే గడిచిపోతుంది. పరీక్షల్లో ఎటూ తెలుస్తుంది. అలా కూడా అనుకున్నాడు. పక్కన భార్య నిలబడి ఉంది, చేతికి అద్దం పొడి అంటుకుని.

"అవి... నేను సరిచేసినవండీ" అన్నాడు.

"సరిచెయ్యడమంటే?"

"నీలం కనపడితే తీసేసేవాణ్ణి. దీపం వల్ల వచ్చిందనుకుని."

"ప్రతిదాంట్లోనూనా?"

"ప్రతిదాంట్లోనూ."

డాక్టరమ్మ కోటు విప్పి స్టూలు మీద పెట్టి, పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చి, రేపే వెళ్ళండని చెప్పింది. ఫోటో తీయించుకోవడం మర్చిపోయి వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళాక భార్య ఒక్కమాట అడిగింది.

"అయితే మీక్కూడా కనపడిందా?"

అంతే. కనపడలేదని చెబితే తప్పు, కనపడిందని చెబితే ఇంకా తప్పు.

పెద్దాసుపత్రిలో పిల్ల గుండె మీద జిగురు రాసి, మిషను ఆనించి, తెర మీద చూశారు. గుండె డాక్టరు కుర్రవాడు, ఓపికమంతుడు. కాగితం మీద నాలుగు గదుల ఇల్లు గీశాడు. రెండు గదుల మధ్య గోడకి పుట్టుకతోనే కంత ఉందన్నాడు. ఊపిరితిత్తులకి వెళ్ళే దారి ఇరుకన్నాడు. ఆ దారిన పోలేని చెడురక్తం కంతలోంచి మంచిరక్తంలోకి వచ్చి ఒళ్ళంతా తిరుగుతోంది, నీలిరంగు అందుకే అన్నాడు.

"మరి ఆ గొంతుకు కూర్చోవడం?" భార్య అడిగింది.

"తనకి తనే కనిపెట్టుకున్న వైద్యమమ్మా అది. కాళ్ళు ముడిచి కూర్చుంటే ఊపిరితిత్తులకి కాస్త ఎక్కువ రక్తం పోతుంది. ఊపిరి కుదుటపడుతుంది. ఈ జబ్బున్న పిల్లలు చాలామంది ఎవరూ నేర్పకుండానే అలా కూర్చుంటారు."

నవ్వండిగారు కాగితం మీది ఇల్లు చూస్తూ కూర్చున్నాడు. ఎంత గర్వపడ్డాడో గుర్తొచ్చింది.

"ముందే తీసుకొచ్చుంటే?" అన్నాడు చివరికి.

డాక్టరు పెన్ను మూత పెట్టాడు. "సాధారణంగా ఏడాది లోపలే చేసేస్తాం. చాలామంది పిల్లలు చక్కగా బడికి పోతారు. ఇప్పుడు ఊపిరితిత్తులకి వెళ్ళే రక్తనాళాలు సరిగ్గా ఎదగలేదు, అందుకని కష్టం కాస్త ఎక్కువ. ముందే వచ్చినా అందరూ గట్టెక్కుతారని చెప్పలేను. ఇప్పుడొచ్చారు కదా, ఇప్పుడేం చెయ్యాలో చూద్దాం."

మంచిమాటే. ఆయన మాత్రం అందులోంచి ఏడాది లోపలే అన్నదొక్కటే ఏరుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆపరేషనుకి తేదీ వచ్చేదాకా ఇంటి దగ్గర ఉండమన్నారు. పిల్ల నీలమైపోయి ఎగశ్వాస పడితే మోకాళ్ళు ఎదకి ఆనేట్టు ముడిచి పట్టుకోమనీ, ఏడవనివ్వొద్దనీ, వెంటనే తీసుకురమ్మనీ చెప్పారు. ఒక మేనేజరుని ఏడవనివ్వకుండా ఉంచడమంటే మాటలా! ఇంట్లో మేనేజరమ్మ చెప్పిందే వేదమైంది. అత్తగారిని స్టూలు ఎక్కించి టై తగిలించింది. చెప్పుల షాపతను రోజుకోసారి వచ్చి కోటు వేసుకుని కూర్చుని, గడ్డం దించి, ఎత్తి, మళ్ళీ దించి వెళ్ళేవాడు.

నవ్వండిగారు మాత్రం కెమెరా కూతురి వైపు తిప్పలేదు. గిరాకీలకి తీసేవాడు. పిల్ల ముందుకొస్తే దించేసేవాడు.

"నాన్నా, నాకు తియ్యవా?"

"తీస్తానమ్మా. ఆపరేషనయ్యాక, నీ పెదాలు ఎర్రగా అయ్యాక తీస్తాను."

"ఇప్పుడు బాలేనా?"

ఆ మాటకి ముందుగదిలో అద్దం కోస్తున్న చప్పుడు ఆగింది. ఆయన కూతుర్ని ఎత్తుకుని, బావున్నావు, బోలెడు బావున్నావు అన్నాడు. కానీ కెమెరా తియ్యలేదు. ఎందుకు తియ్యలేదని తరవాత ఎన్నిసార్లో తనని తనే అడిగాడు. తీస్తే ఆ నీలాన్ని అలాగే ఉంచి చూడాలి. ఆ బలం ఆయనకి లేదు. అంతే సంగతి.

ఒక ఉదయం పాలు తాగుతూ తాగుతూ పిల్లకి ఎగశ్వాస వచ్చింది. కళ్ళు తేలేసింది. తల్లి మోకాళ్ళు ముడిచి ఎదకి అదిమి పట్టుకుంది. ఆయన వీధిలోకి పరిగెత్తి బండి తెచ్చాడు. ఈసారి డాక్టర్లు తేదీ కోసం ఆగలేదు. ఆపరేషను గది బయట కూర్చున్నంతసేపూ అత్తగారు ఒక్కతే మధ్యమధ్య, "దానికి ఆకలేస్తుందేమోనే" అంటూ ఉండేది.

ఆపరేషనయ్యాక ఒక్కొక్కర్నీ లోపలికి పంపారు. గొట్టాల మధ్య పిల్ల నిద్రలో ఉంది. నవ్వండిగారు మంచం దగ్గరికి వెళ్ళి పెదాలు చూశాడు. ఎర్రగా ఉన్నాయి. తను ఇన్నాళ్ళూ పూసిన గులాబీకీ దీనికీ పోలికే లేదు. ఇది లోపలినుంచి వచ్చిన వెలుగులా ఉంది. ఇంత నేర్చిన చేతికి ఆ రంగు ఒక్కసారీ దొరకలేదు. గోళ్ళు చూశాడు. అవీ అంతే. నర్సు "టైమైంది సార్" అనేదాకా అలా చూస్తూనే ఉన్నాడు. బయటికొచ్చి భార్యతో, "వెళ్ళి చూడు. ఎంత బావుందో" అన్నాడు. చాలా రోజుల తరవాత ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది.

కానీ గుండె అలిసిపోయింది. అలా అన్నాడు డాక్టరు. కొత్తదారిలో రక్తం వెళ్తోంది, గుండె మాత్రం ఆ పనికి నిలబడలేకపోతోందన్నాడు. మందులు మార్చారు, మిషన్లు మార్చారు. పిల్ల పూర్తిగా కళ్ళు తెరవలేదు. ఒకసారి తల్లి వేలు గట్టిగా పట్టుకుంది. అది మెలకువో, కలో చెప్పలేమన్నారు. ఆ వారం దాటకుండానే వెళ్ళిపోయింది.

స్టూడియో చాలా రోజులు తెరవలేదు. తెరిచాక కూడా వీధిలో ఎవరూ ఫోటోకి రావడానికి ధైర్యం చెయ్యలేదు. వస్తే నవ్వమంటాడేమోనని భయం కాబోలు. ఆయనా ఆ మాట అనడం మానేశాడు. స్టూలు మీద కూర్చున్నవాళ్ళు ఎప్పుడు తీశాడో తెలియక అలాగే బిగుసుకుని ఉండిపోయేవారు. "అయిపోయిందండీ" అంటే "అయ్యో, అయిపోయిందా?" అని లేచేవారు.

ఒక మధ్యాహ్నం వెనకగదిలోకి భార్య వచ్చింది. చేతిలో ఫ్రేము. ఎప్పుడు చేసిందో ఆయనకి తెలియదు. టేకు కర్ర, మూలలు వెంట్రుక దూరనంత బిగువుగా కుదిరాయి.

"ఒక ఫోటో ఇవ్వండి."

ఆయన వెతికి, అన్నిటికన్నా బాగున్నదాన్ని ప్రింటు తీసిచ్చాడు. దీపాల మధ్య నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ మేనేజరమ్మ. ఆవిడ ప్రింటుని ఫ్రేముకి ఆనించి చూసింది. మళ్ళీ తీసింది. బల్ల మీద పెట్టింది.

"ఇది మన పిల్ల కాదండీ."

"అదేంటే..."

"నా పిల్ల పెదాలు ఇలా ఉండేవి కావు. నేను రోజూ చూశాను. నాకు నా పిల్ల కావాలి."

ఆయన తల వంచుకున్నాడు. "అసలువి ఒక్కటీ లేవు" అన్నాడు. "చెరిపేశాను."

"తీసెయ్యడం వచ్చిన చెయ్యి మీది. పెట్టడం రాదా?"

కోపంగా అనలేదు. కొలత చెప్పినట్టే చెప్పింది. ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆవిడ ఫోటో స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. అత్తగారు కూడా గోడ పట్టుకుని వచ్చి వెనక నిలబడింది.

ఎరుపు గీతని ఎడమవైపుకి జరిపాడు.

"అంత కాదు. అది ఏడ్చినప్పుడు."

కొంచెం వెనక్కి తెచ్చాడు.

"ఇది పొద్దున్న లేచినప్పుడు. ఇంకొంచెం."

"ఇదీ?"

"ఇది చలికి. మామూలప్పుడు చెయ్యండి. మామూలుగా, మీ దగ్గర నిలబడి అందరి మీదా కేకలేస్తున్నప్పుడు."

మామూలప్పుడు ఎలా ఉండేదో ఆయనకి గుర్తు లేదు. అన్నిసార్లు చూశాడు, అన్నిసార్లూ తీసెయ్యడానికే చూశాడు. గీతని అటూ ఇటూ జరుపుతూ ఉండిపోయాడు. ఆవిడకి మాత్రం ప్రతి నీలం వెనకా ఒక పూట ఉంది. ఇది స్నానం చేయించాక. ఇది మెట్లెక్కినప్పుడు. ఇది మీరు ఊరికి వెళ్ళినప్పుడు గుమ్మంలో కూర్చుని బెంగపెట్టుకుంది చూడండి, అప్పుడు. ఆయన ఎప్పుడూ వినని సంగతులు. వింటున్నకొద్దీ కళ్ళకి నీళ్ళడ్డొచ్చి తెర అలుక్కుపోతోంది.

"కిందిపెదవికి నీలం కాస్త ఎక్కువ ఉండేదమ్మా, పైదానికన్నా" అంది వెనకనుంచి అత్తగారు.

"మీకు కనపడేదా అత్తయ్యగారూ?"

"దగ్గరగా పట్టుకుని చూసేదాన్ని కదా నాయనా. నాకు దూరం కనపడి చావదు."

కిందిపెదవి కాస్త ముదురు చేశాడు. గోళ్ళకి కూడా పెట్టాడు. భార్య చెయ్యి ఎత్తి, తెర మీది పిల్ల చెంపకి ఆనించింది. అద్దం మీద అద్దం పొడి అంటుకుంది.

"ఇదీ నేను చేసిందే కదే" అన్నాడాయన. "ఇదీ అబద్ధమే."

"అబద్ధమే" అంది ఆవిడ. "కానీ మన పిల్లలా ఉంది."

కనుబొమ మీద ఒక వెంట్రుక పడి ఉంది. అలవాటు చొప్పున ఆయన మౌసు అటు వెళ్ళింది. ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుని ఆపేసింది.

"ఇంక ముట్టుకోకండి."

ప్రింటు తీశారు. ఆరేదాకా ఆగి, ముందుగదిలో బల్ల మీద పెట్టారు. ఆవిడ అద్దం తుడిచి, ఎదురు వెలుగులో పట్టి చూసి, మళ్ళీ తుడిచింది. మేకులు కొడుతుంటే ఫ్రేము కదలకుండా ఆయన రెండో వైపు పట్టుకుని నిలబడ్డాడు.